నరికినా ఆగని పని

బొబ్బిలి, రేగిడి వైపు బెల్లం వండేవాళ్ళు చెరకు నరికిన రోజే గానుగ ఆడేయాలంటారు. నిలవ చెరకుతో అచ్చు గట్టిపడదు, వానలు పడేసరికి బెల్లం చెమర్చి కారిపోతుంది. ఈ జాగ్రత్త వెనకున్న రసాయనమంటే నాకు ప్రాణం.

నరికినంత మాత్రాన చెరకు కణాలు చావవు. ఆకుల నుంచి కొత్త పంచదార రావడం ఆగిపోతుంది గానీ, ఉన్న పంచదారను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చీల్చే ఇన్వర్టేజ్ అనే ఎంజైము పని చేస్తూనే ఉంటుంది. ఆ రెండూ పాకాన్ని పలుకు కట్టనివ్వవు, గాలిలో తేమను లాక్కుంటాయి.

1913లో బెర్లిన్‌లో లియోనోర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ ఎంజైముల వేగానికి సూత్రం కట్టింది ఇన్వర్టేజ్ మీదే. వాళ్ళది ఈస్టు నుంచి తీసిన ఎంజైము. లీటరుకు సుమారు 6 గ్రాముల పంచదార ఉంటే దాని వేగం గరిష్ఠంలో సగానికి చేరుతుందని తేల్చారు. చెరకు ఎంజైముకు ఆ అంకె కాస్త వేరైనా, రసంలో లీటరుకు 150 గ్రాముల పైమాటే. అంటే దానికి ఎప్పుడూ చేతినిండా పనే. తీపి కొంచెం ఎక్కువైనా తక్కువైనా వేగం పెద్దగా మారదు. ఎంజైము ఎంతుంది, ఎండ ఎంతుంది, చెరకు ఎన్ని గంటలు ఆగింది, ఇదే లెక్క.

పెనంలో సున్నపు తేట పోసే చెయ్యిని దగ్గరగా చూడండి. ఇన్వర్టేజ్‌కు కొంచెం పులుపుండాలి, చెరకు రసంలో అది సరిగ్గా సరిపోతుంది. సున్నం ఆ పులుపును విరిచేస్తుంది. మంటకు ఎంజైము చచ్చినా, పులుపు మిగిలితే కాగే రసంలో పంచదార చీలుతూనే ఉంటుంది, అందుకే సున్నం కావాలి. ఎక్కువైతే మాత్రం బెల్లం నల్లబడుతుంది. మైకేలిస్, మెంటెన్ కూడా ప్రతి నమూనాలో క్షారం కలిపి, చర్యను ఆపాకే కొలిచారు.

ఒక జీవక్రియ వేగం ఏదో ఒక్క మెట్టు చేతిలో ఉండదనీ, మెట్లన్నీ తలా కొంత పంచుకుంటాయనీ 1973లో హెన్రిక్ కాక్సర్, జిమ్ బర్న్స్ చూపించారు. ఆ పంపకం పరిస్థితిని బట్టి మారుతుంది. పొలంలో నిలబడ్డ చెరకులో ఆకులకూ వాటా ఉంది. కత్తి పడ్డాక ఆ వాటా పోతుంది, పెత్తనం చాలావరకు ఇన్వర్టేజ్‌ది. రైతు చేతిలో మిగిలేది గంటలే. చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకుదీ ఇదే కథ: గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో ఎండుతూ బరువునూ తీపినీ రెండింటినీ పోగొట్టుకుంటుంది. పెనం కింద మంట కంటే ముందు ఆ వరుసను సరిచేయాలి. అంతవరకూ నరికిన చెరకును నీడకు చేర్చి, చెత్తాకు కప్పి, నీళ్ళు చల్లుతూ ఉండాలి.