తుక్కులోంచి కదిలే శిల్పం

వాడి పారేసిన వస్తువులను, పాడైన ఎలక్ట్రానిక్ పరికరాలను ముడిసరుకుగా తీసుకొని, వాటిలోని కదలికను, వెలుగును, ధ్వనిని సైతం రచనలో భాగం చేసుకునే కళ నవమాధ్యమ కళలో (న్యూ మీడియా ఆర్ట్‌లో) ఒక ముఖ్యమైన శాఖ. ఫోన్లు, కంప్యూటర్లు, టీవీలు వంటివి పనికిరాకుండా పోయాక మిగిలే ఈ-వ్యర్థాలే దీనికి ప్రధాన ద్రవ్యం.

పాతదాన్ని కొత్త రూపంలోకి మలచడం తెలుగు నేలకు ఎరుకైన విద్యే. పాత చీరలను పొరలుగా పేర్చి బొంతలు కుట్టే స్త్రీలు, పాత ఇత్తడి సామాను కరిగించి మైనపు నమూనాల ఆధారంగా డోక్రా బొమ్మలు పోతపోసే ఆదిలాబాద్ ఓజా కళాకారులు ఈ విద్యను తరతరాలుగా నిలుపుతున్నారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లు, బోల్టులు, వాహనాల విడిభాగాలను వెల్డింగ్‌తో అతికించి నిలువెత్తు విగ్రహాలు నిర్మించారు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ అధ్యాపకుడు పడకండ్ల శ్రీనివాస్ పాత ఇనుముతో చేసిన శిల్పాలు పలు నగరాల కూడళ్లలో నిలిచాయి.

ఈ విగ్రహాల్లో తుక్కు రూపానికే పరిమితం కాగా, నవమాధ్యమ కళలో పాత యంత్రపు పనితీరే కళావస్తువవుతుంది. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ 1965లో ‘మాగ్నెట్ టీవీ’ అనే రచనలో టీవీ పెట్టె మీద పెద్ద అయస్కాంతాన్ని ఉంచగా, తెరను తాకే ఎలక్ట్రాన్ల ధార దారి తప్పి, బొమ్మకు బదులు మెలికలు తిరిగే కాంతిరేఖలు ఏర్పడ్డాయి.

ఈ కళలో మొదటి మెట్టు విప్పడం. కంప్యూటర్‌లో సమాచారాన్ని దాచే హార్డ్ డిస్కు మూత తీస్తే, అద్దంలా మెరిసే పళ్లెం, దానిపై అటూఇటూ కదిలే సన్నని చేయి, ఆ చేతి మొదట్లో రెండు బలమైన అయస్కాంతాల నడుమ రాగితీగ చుట్ట కనిపిస్తాయి. యాంప్లిఫయర్ నుంచి వచ్చే పాటను ఆ చుట్టకు అందిస్తే చేయి కంపించి, డిస్కు చిన్న స్పీకరులా పలుకుతుంది. పాత ప్రింటరులోని స్టెప్పర్ మోటారును, అంటే అడుగడుగుగా తిరిగే మోటారును, చేత్తో తిప్పితే పుట్టే విద్యుత్తు చిన్న ఎల్ఈడీని వెలిగిస్తుంది. ఇలా ఏ భాగం ఏ పని చేయగలదో తెలుసుకున్నాకే కళాకారుడు వాటిని సోల్డరింగ్‌తో, స్క్రూలతో, తీగలతో ఒకటిగా కూరుస్తాడు.

ఈ పనిలో జాగ్రత్త తప్పనిసరి. పాత టీవీల గాజులో సీసం ఉంటుంది. విద్యుత్తును నిలవ ఉంచుకునే కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా షాక్ కొట్టగలవు. ఉబ్బిన లిథియం బ్యాటరీకి ఏదైనా గుచ్చుకుంటే మంటలు రావచ్చు. రాగి కోసం వైర్లను కాల్చితే విషవాయువులు వెలువడతాయి కనుక తొడుగును కోసి తీయడమే సరైన పద్ధతి.

2022లో ప్రపంచవ్యాప్తంగా పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులని, అందులో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి పంపినట్లు నమోదైనది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక తెలిపింది. ఇంతటి రాశిని కళ తగ్గించలేదు. మూసిన పెట్టెగా కొని, మూసిన పెట్టెగానే పారేసే యంత్రాన్ని విప్పి చూపి, దాని వెనుక ఉన్న ఖనిజాన్ని, శ్రమను, మేధను గుర్తుచేయడంలోనే ఈ కళ విలువ ఉంది.

ఈ విద్యకు తెలంగాణలోని పరిగి, వికారాబాద్, తాండూరు ప్రాంతం అనువైనది. సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణాల్లో విప్పే నేర్పు ఉంది, పాత ఇనుప సామాను కొట్లలో సరుకు ఉంది, తాండూరు పాలిషింగ్ యూనిట్ల దగ్గర మిగిలే నాపరాతి ముక్కలు శిల్పాలకు పీఠాలు కాగలవు. పాఠశాలలు, కళాశాలలు మరమ్మతు పనివారిని గురువులుగా పిలిచి విద్యార్థుల చేత ఇటువంటి రచనలు చేయించాలి. మిగిలిన బోర్డులను 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, బ్యాటరీలను బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదిత పునర్వినియోగ సంస్థలకే అప్పగించాలి.