ప్రార్థనను విమర్శించడం ఎలా?

ఎర్రగుంట్లలో చదువుకుంటున్న విద్యార్థి మిత్రుడొకడు ఈ మధ్య ఒక కథ వ్రాసి నా అభిప్రాయం అడిగాడు. కథ చిన్నది. ముప్పై యేళ్లు నిండని ఒక కూలీ, ఇద్దరు పిల్లల తండ్రి, క్షయతో మంచం పడతాడు. భార్య క్రైస్తవురాలు. పాస్టరు వస్తాడు, ప్రార్థన చేస్తాడు, కానుక తీసుకుంటాడు. రోగి చచ్చిపోతాడు. చివర ఒక చైతన్యవంతుడైన యువకుడు వచ్చి దేవుడు లేడని వుపన్యాసం ఇస్తాడు. ఆమె కళ్లు తెరుచుకుంటాయి.

కథ బాగాలేదు. అయితే ఎందుకు బాగాలేదో చెప్పడం నాకు సులభం కాలేదు. కొన్నేళ్ల కింద అయితే నేనూ ఈ కథే వ్రాసివుండేవాణ్ణి. ఆ చివరి యువకుడి పాత్ర నేను నిజంగానే నిర్వహించాను కూడా.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి వుంది, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, నాపబండలు కోసి పాలిష్ పట్టే యూనిట్లున్నాయి. అలాంటి ఒక యూనిట్లో బండలు కోసే యువకుడొకడు నాకు తెలుసు. అతనికి దగ్గు పట్టింది, రక్తం పడింది. పరీక్ష చేస్తే క్షయ అన్నారు. నేను చూడబోయేసరికి నలుగురు ఆడవాళ్లు మంచం చుట్టూ మోకాళ్ల మీద వున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగి, ప్రార్థనతో క్రిములు చావవనీ, మాత్రలతో చస్తాయనీ అతని భార్యకు బోధించాను.

ఆమె చివరిదాకా విన్నది. ‘‘మాత్ర ఇచ్చినాకనే ప్రార్థన జేస్తాం సారూ. ఆయప్ప మింగనని మొండికేస్తే ఆ యక్కలే కూచోబెట్టి మింగిస్తాండారు. నేను కూలికి బోతే పిల్లోళ్లకు సంగటి బెట్టేదీ వాళ్లే. మీ సంఘమోళ్లు ఎవరన్నా వస్తారా?’’ అని అడిగింది.

క్రైస్తవులు తమ విశ్వాసుల సమూహాన్ని సంఘం అంటారు. మన రచయితలదీ సంఘమే. ఆమె అన్నమాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

విద్యార్థి కథలోని మొదటి లోపం ఇక్కడుంది. ప్రార్థన ఎదురుగా మందును నిలబెట్టి, రెంటిలో ఒకటి ఎన్నుకోమన్నాడు. జీవితం అలా లేదు, బైబిలు కూడా అలా లేదు. యెషయా గ్రంథం 38వ అధ్యాయంలో జబ్బుపడిన రాజు హిజ్కియా ఏడ్చి ప్రార్థిస్తాడు, పదిహేనేళ్ల ఆయుష్షు పొందుతాడు. అదే అధ్యాయంలో ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమంటాడు. మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ వున్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి మరింత దిగజారిపోతుంది. ఆస్పత్రుల చుట్టూ తిరిగి అప్పులపాలైన ఏ రాయలసీమ కుటుంబానికీ ఆ వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

మన జిల్లాల చరిత్ర కూడా చూడండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియాన్ని 1912లో క్రైస్తవ మిషన్లు కలిసి స్థాపించాయి. డెన్మార్కు వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపించాడు. అప్పటికి క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. మద్రాసులో 1956లో ప్రారంభించిన పరిశోధన, ఇరుకు ఇళ్లలో వుంటూ మందులు వాడిన బీదరోగులకు కూడా శానటోరియంలో వున్నవాళ్లంత బాగానే నయమవుతుందని నిరూపించింది. అంటే క్షయరోగికి కావలసింది నెలల తరబడి తప్పకుండా మాత్ర మింగడం. మింగించే మనుషులు పక్కన వుండడం ఆ వైద్యంలో భాగమే.

ఇలా అన్నంతమాత్రాన ప్రార్థన పేరుతో జరిగే ప్రతిదాన్నీ సమర్థిస్తున్నానని అనుకోవద్దు. మాత్ర మింగడం అవిశ్వాసమని చెప్పేవాడు హంతకుడితో సమానం. మందు మధ్యలో మానితే క్రిమి మొండిదవుతుంది, రోగి చస్తాడు, పక్కవాడికీ అంటుకుంటుంది. స్వస్థత కూటంలో అలాంటి బోధ జరిగితే ఎదిరించి తీరాలి. కాని ఆ బోధకుణ్ణీ, సంగటి వండిపెట్టే ఆ ఆడవాళ్లనూ ఒకే గాట కట్టేసే రచయితకు మనుషులను చూడడం రాదు.

రెండవ లోపం ఇంతకంటె పెద్దది. ప్రార్థన అంటే ఏమిటో ఆ కథకుడు వినలేదు. నేనూ మొదట వినలేదు. తర్వాత విన్నాను. బిడ్డల ఫీజు, బాకీ, ఆగిపోయిన కూలి, మొగుడి వూపిరి - ఆ ప్రార్థన ఒక అర్జీ. మార్క్స్ 1844లో మతాన్ని నల్లమందుతో పోల్చాడని మనం కంఠస్థం చేశాం. మతంలో నిజమైన బాధా, ఆ బాధ మీద నిరసనా రెండూ వ్యక్తమవుతాయని కూడా ఆయన అక్కడే అన్నాడని మరిచిపోయాం. జాషువకు ఇది తెలుసు. 1941 నాటి ‘గబ్బిలం’లో ఆలయప్రవేశం లేని ఆకలిమనిషి తన మొర కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. ఆ మొరను మూఢనమ్మకమని ఏ అభ్యుదయవాదీ తోసిపుచ్చలేదు. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో అడుగుపెట్టిన తర్వాత ఈ జిల్లాలో క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మాలలే. వాళ్ల మనుమరాలు గొంతెత్తి అర్జీ పెట్టుకుంటే మనకు అది ఎందుకు వినిపించదు?

ఆ యువకుడు చావలేదు. ఆరు నెలల మందు పూర్తయింది. ఒక ఆదివారం ఆమె మందిరంలో సాక్ష్యం చెప్పింది. నేను వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. దేవుడికి కృతజ్ఞత చెప్పింది, మాత్రలిచ్చిన నర్సుకు చెప్పింది, అక్కలకు చెప్పింది. రాతిధూళిని గురించి మాత్రం ఒక్కమాట లేదు.

విద్యార్థి కథలోనూ లేదు! నా బోధలోనూ లేదు. రాతిధూళి వూపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. అది వచ్చినవాడికి క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. క్షయకు మందుంది, సిలికోసిస్‌కు లేదు. నీళ్లు పెట్టి కోస్తే ధూళి చాలావరకు తగ్గుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను యాజమాన్యం ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. కథలో పాస్టరు దుర్మార్గుడు కావడంతో యజమాని హాయిగా తప్పించుకున్నాడు. దేవుణ్ణి ఓడించిన వుత్సాహంలో మన కథకుడికి రంపం చప్పుడు వినపడలేదు. ఆమె సంఘమూ, మన సంఘమూ మరిచిపోయింది ఒకటే. ఆమె సంఘం అన్నం పెట్టి మరిచిపోయింది. మనం అదికూడా పెట్టకుండా మరిచిపోయాం.

కనుక ఆ మిత్రుడికి నా సలహా ఇది. ఆమె ప్రార్థనను కథలోంచి తీసివెయ్యవద్దు. మొత్తం వినిపించు. దేనికోసం ఏడుస్తున్నదో పాఠకుడికి తెలియనివ్వు. ఆ అర్జీలో ఏ పద్దు ఏ మనిషి తీర్చవలసిందో అప్పుడు పాఠకుడే అడుగుతాడు. చివరి వుపన్యాసం అక్కరలేదు. చావు కూడా అక్కరలేదు.

అతను ఇప్పుడు మళ్లీ బండలు కొయ్యడానికి వెళ్తున్నాడు. వేరే పని దొరకలేదు. మూతికి తువ్వాలు కట్టుకుంటాడు. పొద్దున అతను బయలుదేరేటప్పుడు ఆమె తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తుంది. కథ అక్కడ మొదలుపెట్టాలి.