స్వయంభు సంఖ్యలకు గీటురాయి

మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో బడిపంతులుగా బతికిన డి.ఆర్. కాప్రేకర్ చేతికి సంఖ్య చిక్కితే దాని గుట్టు బయటపడాల్సిందే! 1949లో ఆయన కనిపెట్టిన 6174 సంగతి చాలామంది వినే ఉంటారు. అన్నీ ఒకటే కాని నాలుగంకెలు తీసుకుని, వాటితో ఏర్పడే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసేస్తూ పోతే ఏడు మెట్లలోపే 6174 చేరతాం. ఆపైన కదలిక లేదు: 7641లోంచి 1467 పోతే మళ్లీ 6174.

అంతకు మించిన పనితనం ఆయన స్వయంభు సంఖ్యల్లో ఉంది. 15కు దాని అంకెల మొత్తం 6 కలిపితే 21 పుడుతుంది. అంటే 21కి జనకుడు 15. మరి 20కో? ఏ సంఖ్యకు దాని అంకెలు కలిపినా 20 రాదు. అలా జనకుడు లేకుండా పుట్టినవాటిని కాప్రేకర్ స్వయంభు అన్నారు.

ఈ గుణం సంఖ్యదా, పదులతో రాసే మన అలవాటుదా? ఆధారం మార్చి రాయడమే దీనికి గీటురాయి.

ఐదు ఆధారంగా రాస్తే స్థానాల విలువలు 1, 5, 25, 125. అన్నీ బేసులే. కాబట్టి సంఖ్య బేసైతే అంకెల మొత్తమూ బేసే, సరైతే సరే. రెండూ కలిపితే ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. అంటే బేసిసంఖ్యలన్నీ ఒక్కసారిగా స్వయంభువులైపోతాయి! పదిలో 15కు పుట్టిన 21 ఇక్కడ స్వయంభువు. పదిలో స్వయంభువైన 20కి ఇక్కడ 14, 16 అని ఇద్దరు జనకులు. ఐదులో 16ను 31 అని రాస్తాం, అంకెల మొత్తం 4.

6174 మహిమా అంతే, పది ఆధారానిది. ఐదులో ఆ పీఠం 3032ది: 3320లోంచి 0233 పోతే 3032. కానీ 13ను రెండులో 1101 అని రాసినా, ఐదులో 23 అని రాసినా అది ప్రధాన సంఖ్యే. ఏ ఆధారానికీ లొంగని గుణం అది.

ఆధారాలు మార్చే ఈ విద్యలో మహామహులున్నారు. ఇటలీవాడు విట్టోరియో గ్రున్‌వాల్డ్ 1885లోనే రుణ సంఖ్యను ఆధారం చేశాడు. రుణ రెండులో 6 అంటే 11010, రుణ మూడు అంటే 1101. ముందు మైనస్ గుర్తే అక్కర్లేదు. డొనాల్డ్ నూత్ 1955లో, ఇంకా బడిపిల్లవాడిగా ఉండగానే, ఊహాసంఖ్యను ఆధారంగా నిలబెట్టాడు. 1957లో జార్జ్ బెర్గ్‌మన్ స్వర్ణ నిష్పత్తినే ఆధారం చేశాడు. అందులో 2 అంటే 10.01, 3 అంటే 100.01. ఆధారం కరణీయమైనా పూర్ణాంకాలన్నీ చుక్క తర్వాత అంతులేని తోక లేకుండా ముగుస్తాయి. ఎంత సొగసు!

ఇంతటి విద్య పక్కన నకిలీ సరుకు రాజ్యమేలుతోంది. పేరులో అదనంగా ఒక అక్షరం దూర్చి జాతకం మార్చామనే సంఖ్యాశాస్త్రులు, 9999 నంబరు ప్లేటుకు వేలంలో పోసే లక్షలు, 6174లో దైవరహస్యం ఉందనే వాట్సాప్ సందేశాలు. అంకెలు కూడి తొమ్మిది తెస్తే పవిత్రమట! ఎనిమిది ఆధారంలో ఆ పని ఏడు చేస్తుంది. అప్పుడు పవిత్రత ఎవరిది? పావులూరి మల్లన గణితాన్ని పద్యాల్లో పలికించిన భాషలో ఈ చవకబారుతనం సహించరానిది.

బడుల్లోనూ ద్విసంఖ్యామానాన్ని కంప్యూటరు పాఠంలో మార్పిడి లెక్కగా అప్పజెప్పించి వదిలేస్తున్నారు. లెక్కల మాస్టార్లకు ఒక్కటే మనవి. బోర్డు మీద 20 రాసి, ఆరు, ఏడు, ఎనిమిది ఆధారాల్లో దాని జనకుల్ని వెతకమనండి. ఆరులో 15, ఎనిమిదిలో 17 దొరుకుతాయి. ఏడులో 16 దొరకగానే ఆగిపోయిన పిల్లలకు, 13 కూడా ఉందని పక్క బెంచీవాళ్లు చూపించనివ్వండి.