ముంపులో వేరు: మొక్కజొన్న నుంచి సోయా దాకా

చేలో నీళ్లు నిలిస్తే వేరు ఊపిరాడక చస్తుంది. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఆ కరువులో వేరు ఏ ప్రోటీన్లను తయారుచేసుకుంటుంది, వేటిని వదులుకుంటుంది? దీనిమీద జరిగిన రెండు పరిశోధనలను కలిపి చదవాలి. ఒకటి, 1980లో ‘సెల్’ పత్రికలో మార్టిన్ సాక్స్, మైకేల్ ఫ్రీలింగ్, రొనాల్డ్ ఒకిమోటో మొక్కజొన్న మీద రాసిన వ్యాసం. రెండోది, జపాన్‌లోని త్సుకుబాలో సెత్సుకో కొమత్సు బృందం సోయాచిక్కుడు మీద ఏళ్ల తరబడి చేసిన పని.

మొక్కజొన్న వ్యాసం చాలా ఇరుకైన ప్రశ్న వేసుకుంది. దాని బలమంతా అక్కడే ఉంది. మొలక వేళ్లకు ఆక్సిజన్ ఆపి, రేడియోధార్మిక అమైనో ఆమ్లం అందించి, ఆ గంటల్లో కొత్తగా పుట్టే ప్రోటీన్లనే చూశారు. మామూలు ప్రోటీన్ల తయారీ దాదాపు ఆగిపోయింది. సుమారు 20 ప్రోటీన్లు మాత్రం మొత్తం తయారీలో 70 శాతానికి పైగా ఆక్రమించాయి. తర్వాత ఒక్కొక్కటే గుర్తుపడుతూ పోతే అందులో చాలావరకు చక్కెరను విరిచేవి, పులియబెట్టేవి: సుక్రోజ్ సింథేస్, ఆల్డొలేస్, ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ వంటివి. పాత ప్రోటీన్ల తయారీ సందేశమైన ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం వేరులో చెడకుండానే ఉంది, దాన్ని చదవడమే ఆగింది. నీళ్లు తీశాక మళ్లీ బతకడానికి వేరు దాచుకున్న ఆశగా నేను దీన్ని చదువుతాను.

సోయా ప్రశ్న పొలంలోనే పుట్టింది. జపాన్‌లో సోయాను ఎక్కువగా వరి మళ్లలో మార్పిడి పంటగా వేస్తారు. విత్తే రోజులూ వానాకాలమూ కలిసొస్తాయి. కొమత్సు బృందం మొలకలను నీట ముంచి, వేరులో ఉన్న ప్రోటీన్లను వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో గుర్తించింది. ఇక్కడా పులియబెట్టే ఎంజైములు పెరిగాయి. 2010లో కణకవచం ప్రోటీన్లను విడిగా పరిశీలించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది: ముంపులో కణకవచాన్ని గట్టిపరిచే లిగ్నిన్ పట్టడం తగ్గిపోతోంది. కొత్తగా పుట్టేవాటినే చూసిన 1980 పద్ధతికి ఇలాంటి తగ్గుదల అందేది కాదు.

మొదటిది జనన రిజిస్టరు, రెండోది జనాభా లెక్క. లెక్కలో ఒక ప్రోటీన్ పెరిగి కనిపిస్తే, అది కొత్తగా పుట్టిందో, విరిగిపోవడం మానేసిందో తెలియదు. సోయా జాబితాలతో నా పేచీ ఇదే. లిగ్నిన్ తగ్గడం వేరు పన్నిన ఉపాయమా, దానికి జరిగిన నష్టమా? పొడవాటి పట్టిక ఎంత చదివినా జవాబు దొరకదు. మొక్కజొన్నకు ఆ ఇబ్బంది తక్కువ. ఆల్కహాల్ డీహైడ్రోజినేస్ లేని మొక్కజొన్న ముంపులో త్వరగా చస్తుందని డ్రూ ష్వార్జ్ 1969లోనే చూపించాడు.

అలాగని మొక్కజొన్న వ్యాసం పూర్తి చిత్రమేమీ కాదు. ఆక్సిజన్ లేకపోవడం ఒకటి, ముంపు ఇంకొకటి. నీట మునిగిన వేరులో ఇథిలీన్ అనే హార్మోను వాయువు కూడా పేరుకుంటుంది. 1996లో సాక్స్ స్వయంగా ఇమాద్ సాబ్‌తో కలిసి, ఇథిలీన్‌కు స్పందిస్తూ వేరులో గాలి గదులు ఏర్పడే చోట కనిపించే ఒక కణకవచ ఎంజైము జన్యువును మొక్కజొన్నలో చూపించాడు. అంటే మొక్కజొన్న కథ కూడా కణకవచం దాకా రావలసి వచ్చింది.

సోయా పని గట్టిపడింది పోల్చడానికి సరైన మొక్క దొరికాకే. గామా కిరణాలతో పుట్టించిన ముంపు తట్టుకునే లైన్‌ను మామూలు సోయా పక్కన పెడితే, తట్టుకునేదానిలో ముంపు తొలి దశలోనే పులియబెట్టే వ్యవస్థ చురుకైంది. ఆ ఒక్క పోలిక నా దృష్టిలో పది జాబితాలకన్నా విలువైనది. అయితే అదీ చిన్న మొలకల మీదే. ఆదిలాబాద్ నల్లరేగడిలో సోయా వేసే రైతుకు మొలక దశలోనే కాదు, పూత, కాయ దశల్లోనూ నీళ్లు నిలుస్తాయి. ఎదిగిన వేరును, బంకమట్టిలో, రోజుల తరబడి ముంపులో ఉంచి ఇదే పోలిక చేస్తే అప్పుడు ఆ లెక్క చేను దాకా వస్తుంది.