మన గ్రంథాలయమునకు వచ్చిన క్రొత్త నవలలు

మన గ్రంథాలయములో నవలలకు రెండు అరలున్నవి. తలుపు ప్రక్కనున్నది ఇంగ్లీషు నవలల అర. కిటికీ క్రింద నున్నది తెలుగు నవలల అర. మొదటి అరలో పుస్తకము నిలువదు; రెండవ అరలో పుస్తకము కదలదు. ఈ సంగతి చూచియే కాబోలు, మొన్నటి సమావేశములో ఒక సభ్యులు, “ఇకమీదట తెలుగు నవలలకు డబ్బు ఖర్చు చేయుట ఎందుకు? మన పెద్దల కథలే ఇంగ్లీషులో వచ్చుచున్నవి గదా!” అని అడిగినారు. అడిగినవారు భాషాభిమానము లేనివారు కారు. ఉగాదికి మన పిల్లలచేత పద్యములు చదివించువారే. కనుక ఆ ప్రశ్నను త్రోసివేయక, ఈ మధ్య రెండు అరలలోనికి వచ్చిన నవలలను వరుసగా చదివి, మాకు తోచినది ఇక్కడ విన్నవించుకొనుచున్నాము.

ముందుగా ఒక మాట. ఇవి పండితుల కొఱకు వ్రాసిన గ్రంథములు కావు. పని ముగించుకొని ఇంటికి వచ్చి, వంట ముగించి, దీపమార్పుటకు ముందు నాలుగు పుటలు చదువుకొనువారి కొఱకు వ్రాసినవి. అట్టి నవలను చిన్నచూపు చూచుట మాకిష్టము లేదు. మన తెలుగు అరలో ఎక్కువగా నలిగిన పుస్తకములేవి? యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, ‘మీనా’. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. అట్టలు ఊడి, దారముతో మరల కుట్టించుకొన్నవి ఇవే. మహాకావ్యముల అట్టలు నేటికిని నిగనిగలాడుచున్నవి. తెలుగు అక్షరములు మఱచిపోకుండ మన తల్లులను కాపాడినవి ఈ నలిగిన నవలలేయని మా నమ్మకము.

ఇక ఇంగ్లీషు అర. ఇందులో నేడు అందఱును అడుగు పుస్తకము జోఆన్ జోసెఫ్ వ్రాసిన ‘చిల్డ్రన్ ఆఫ్ షుగర్‌కేన్’. ఇది 2021లో మన దేశములోనే వెలువడినది. కథానాయిక పేరు శాంతి. ఇండియాలో ఒక పల్లెలో పుట్టిన తెలివిగల పిల్ల. పేదరికము, కులము, తనకిష్టము లేని పెండ్లి, వీనినుండి తప్పించుకొనవలెనని నేటాలునకు ఓడ యెక్కినది. చేరిన తరువాత చెఱకుతోటలో బానిస బ్రతుకే ఎదురైనది. నలుబది సంవత్సరముల కాలమును, రెండు ఖండములను చుట్టివచ్చు కథ ఇది.

ఈ కథ వెనుకనున్న చరిత్ర మన ఇండ్లలోనిదే. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ మద్రాసునుండి 342 మందితో డర్బన్ రేవునకు చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా వచ్చిరి. ఐదేండ్ల ఒప్పందము. మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటికొక షిల్లింగు హెచ్చు. ఆడవారికి అందులో సగము. 1895 నాటి చట్టము గడువు తీరినవారిపై ఏటికి 3 పౌండ్ల పన్ను వేసినది. 1913లో జరిగిన గొప్ప సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను తొలగిపోలేదు. ఈ అంకెలు మన పిల్లలు పాఠశాలలో చదివినవే. కాని అంకె చదివి ఏడ్చిన పిల్లను మేమెన్నడును చూడలేదు. ఈ నవల చదివి ఏడ్చినవారిని చూచినాము. సగము కూలి పుచ్చుకొన్న ఆడమనిషి మనసులో ఏమున్నదో చెప్పుటకు చరిత్ర పుస్తకములో చోటు లేదు. నవలలో ఉన్నది. జోసెఫ్ గారికి మనమందఱము ఋణపడియున్నాము.

అయినను మా ఫిర్యాదు రెండు విధములు. మొదటిది, ఇంత దీర్ఘమైన కాలము ఒక్క పుస్తకములో ఇముడవలసి వచ్చుటచేత కథ పరుగెత్తుచున్నది. ఆపద వెంట ఆపద వచ్చిపడుచున్నది. మాకు మధ్యమధ్య నిలిచి, ఆ కూలి లైనులో ఒక సాధారణమైన సాయంకాలము ఎట్లు గడిచినదో చూడవలెననిపించినది. పొయ్యి ఎవరు రాజేసిరి? బియ్యము చాలనప్పుడు ఏమి వండిరి? జనరంజకమైన నవలకు వేగము అవసరమే, కాదనము. కాని మన పెద్దల బ్రతుకులో ఆపదలకన్న అట్టి సాయంకాలములే ఎక్కువ. రెండవ ఫిర్యాదు రచయిత్రిపైన కాదు. దానిని చివరకు చెప్పెదము.

దీని వెంట 2022లో షెవ్లిన్ మొట్టాయి వ్రాసిన ‘అక్రాస్ ది కాలా పానీ’ వచ్చినది. ఓడ ప్రయాణములో కలిసిన స్త్రీల కథ. రక్తసంబంధము లేకున్నను ఒకే ఓడలో వచ్చినవారిని అక్క, వదిన అని వరుసలు కలుపుకొన్న కుటుంబములు మనలో నేటికిని ఉన్నవి. మొదటి నవల నచ్చినవారు దీనిని తప్పక చదువవలెను.

మూడవది షుబ్నమ్ ఖాన్ వ్రాసిన ‘ది జిన్ వెయిట్స్ ఎ హండ్రెడ్ ఇయర్స్’. ఆమె డర్బన్ ఆడపడుచు. ఈ నవల 2024లో అమెరికాలో వెలువడి పేరు తెచ్చుకొన్నది. సముద్రము చేరువలో ‘అక్బర్ మంజిల్’ అను పాతబడిన మేడ. ఒకప్పుడు గొప్ప వైభవము. ఇప్పుడు దిక్కులేనివారు అద్దెకుండు ఇల్లు. అక్కడికి సనా అను బాలిక వచ్చును. మేడలో ఒక ప్రక్క ఎవరును పోని గదులు, విరిగిన సామానులు, చివర తాళము వేసిన ఒక తలుపు. ఆ తలుపు వెనుక ఏనాడో మరణించిన మీనా అను యువతి డైరీ. ఆమెను మఱువలేక ఏడ్చుచున్న ఒక జిన్ను.

దయ్యపు కథయనగానే మన పాఠకులకు ‘తులసిదళం’ గుర్తునకు వచ్చును. అది చదివిన రాత్రి పెరటిలోని దీపము ఆర్పనీయని ఇండ్లు మాకు తెలియును. రెంటికిని భేదమున్నది. యండమూరి నవలలో కాష్మోరా ఒక పసిపిల్లను చంపుటకు మనుష్యులు పంపిన శక్తి. పాఠకుని గుండె దడదడలాడుటయే అక్కడ ముఖ్యము. ఖాన్ నవలలో జిన్ను ఎవరిని చూచి ఏడ్చుచున్నదో తెలిసిన తరువాత భయము పోయి జాలి కలుగును. మీనాను గుర్తుంచుకొన్నది ఆ మేడలో అది యొక్కటే. ఈ నవల మెల్లగా నడచును. మొదటి పుటలలో పాత్రలు పెక్కు. ఓపిక పట్టినవారికి మాత్రము ఫలము దక్కును. పదునైదేండ్లు దాటిన ఆడపిల్లలకు మేము మొదట ఇచ్చు పుస్తకమిదే.

ఇక కిటికీ క్రింది అర. ఇటీవల ఇండియానుండి వచ్చిన ఒక బంధువు తెచ్చియిచ్చిన నవల ‘కొండపొలం’. రచయిత కడప జిల్లావారైన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. అమెరికాలోని తానా సంస్థ వారి 2019 నవలల పోటీలో బహుమతి పొందినది. 2021లో క్రిష్ దర్శకత్వములో చలనచిత్రముగా కూడ వచ్చినది. వానలు లేక ఊరిలో మేత కఱవైనప్పుడు గొఱ్ఱెల కాపరులు మందలను తోలుకొని నల్లమల అడవిలోనికి పోవుదురు. దానినే కొండపొలము పోవుట యందురు. రవీంద్ర అను చదువుకొన్న యువకుడు ఉద్యోగము దొరకక, సభలో నోరు తెఱువలేని పిఱికితనముతో కుములుచు, తండ్రి వెంట మందతో అడవికి పోవును. అక్కడ పెద్దపులి ఉన్నది. దాహమున్నది. కొండచరియ యున్నది. మనిషి మారి తిరిగివచ్చును.

కథ ఇంత సూటిగా ఉన్నది. పులి వచ్చునా రాదా యని పుట త్రిప్పుచునే యుందుము. జనరంజకమైన నవలకు కావలసినదంతయు ఇందులో ఉన్నది. ఇంకొక గొప్పతనము, పని తెలిసినవాడు వ్రాసిన పుస్తకమిది. మందను ఎట్లు మలుపవలెను, నీరు ఎక్కడ వెదకవలెను, రాత్రి కావలి ఎట్లు కాయవలెను, అన్నియు చూపుచు పోవును. ‘చిల్డ్రన్ ఆఫ్ షుగర్‌కేన్’లో మాకు కావలెననిపించిన సాయంకాలములు ఇందులో నిండుగా ఉన్నవి.

అయితే ఈ నవలను చదువుటకు మేము పడిన పాట్లు దాచిపెట్టము. మేము తెలుగు నేర్చుకొన్నది సభవారి సాయంకాలపు తరగతులలో. బాలశిక్ష, వ్యాకరణము, పద్యములు. ఆ తెలుగుతో యద్దనపూడిని చదువవచ్చును గాని, కడప కొండల మాటను చదువుట కష్టము. మొదటి పుటలలోనే ‘జీవాలు’ అను మాట వచ్చినది. నిఘంటువు ప్రకారము ప్రాణులని అర్థము చెప్పుకొని శనివారపు తరగతిలో పెద్దపిల్లలకు చదివి వినిపించినాము. మనుమరాలిని తీసికొనిపోవుటకు వచ్చిన ఒక అవ్వ, ఎనుబది దాటిన మనిషి, వెనుక బల్లమీద కూర్చుండి వినుచున్నది. ఆమెకు చదువు రాదు. ఉన్నట్టుండి నవ్వి, “ఏమి టీచరూ, ఆ మాట తెలీదా నీకు? జీవాలంటే గొర్రెలూ మేకలూ. మా తాత ఆ మాటే అనేవాడు” అన్నది.

ఆ దినము మొదలు నాలుగు శనివారములు మేము చదువుట, అవ్వ అర్థము చెప్పుట. మేము చదువగలము, గ్రహింపలేము. అవ్వ గ్రహింపగలదు, చదువలేదు. ఇద్దఱము కలిసిన ఒక్క పాఠకుడైనాము. అడవిలోని చెట్ల పేర్లు కొన్ని ఆమెకును తెలియలేదు. కాని ‘యాడ’, ‘ఈడ’, ‘ఆడ’ అను మాటలు వచ్చినప్పుడు ఆమె ముఖము చూడవలసినది. తన ఇంటి మాట అచ్చులో ఉండునని ఆమె ఎన్నడును అనుకొనలేదు.

ఇచ్చట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. ముప్పది సంవత్సరములుగా మేము ఈ మాటలనే ఎఱ్ఱ సిరాతో కొట్టివేయుచున్నాము. చాలకాలము క్రిందట ఒక బాలిక తన తాతగారిని గూర్చి వ్యాసము వ్రాసి తెచ్చినది. అందులో ప్రతి ‘ఈడ’ను ‘ఇక్కడ’గా, ప్రతి ‘యాడ’ను ‘ఎక్కడ’గా దిద్ది ఇచ్చినాము. పుట అంతయు ఎఱ్ఱబడినది. ఆ బాలిక తరువాత తెలుగులో వ్యాసము వ్రాయలేదు. కారణము అదేయని చెప్పలేము, కాదనియు చెప్పలేము. ఉత్తర ఆర్కాటునుండి, విశాఖపట్నమునుండి మన పెద్దలు మూటలో తెచ్చుకొన్నది ఆ మాటనే. దానిని తప్పు అని పిల్లలకు నేర్పినవారము మేమే. ఒక మంచి నవల బహుమతి పుచ్చుకొని వచ్చి మాకు ఆ సంగతి చెప్పవలసి వచ్చినది.

ఇప్పుడు మా రెండవ ఫిర్యాదు. ‘చిల్డ్రన్ ఆఫ్ షుగర్‌కేన్’ ఇంగ్లీషులో సాగిన కథ గనుక, కూలి లైనులో ఎవరు ఏ భాషలో ఏడ్చిరో, ఎవరు ఏ మాటతో బిడ్డను జోకొట్టిరో మన చెవికి చేరదు. రచయిత్రి చేయగలిగినది ఆమె చేసినది. ఓడల జాబితాలలో ప్రతి మనిషికి ఒక సంఖ్య, తండ్రి పేరు, కులము, ఊరు, జిల్లా వ్రాసియున్నవి. భాష పలికిన తీరు మాత్రము ఏ గుమాస్తాయు వ్రాసికొనలేదు. అది అవ్వవంటివారి నోట మిగిలియున్నది. తోటలలోని మన కథ, తోటలలో పలికిన తెలుగులో, నవలగా మన అరమీద నేటికిని లేదు. ఇండియానుండి వచ్చు నవలలలో మన ఊసు లేదు. మన దేశములో వెలువడు నవలలలో మన పలుకు లేదు. రెండు అరల నడుమ ఖాళీగా ఉన్న చోటు మనదే.

కనుక ఆ సభ్యుల ప్రశ్నకు మా సమాధానమిది. ఇంగ్లీషు నవలలు తప్పక కొనవలెను. వానివలన మన పిల్లలు తమ తాతలను తెలిసికొనుచున్నారు. తెలుగు నవలలు కొనుట మానరాదు. వానివలన తాతలు పలికిన మాట తప్పు కాదని తెలియుచున్నది. ఒక అర మూసివేసినచో రెండవదానికి అర్థము సగమే.

చదువరుల సౌకర్యము కొఱకు కొన్ని సూచనలు. కన్నీరు పెట్టించు కథ కావలెనన్నవారు శాంతి కథ తీసికొనవలెను. దయ్యము, ప్రేమ, పాత మేడ ఇష్టపడువారికి ఖాన్ నవల. సాహసము కోరు మగపిల్లలకు ‘కొండపొలం’, కాని ఒంటరిగా కాదు. ఇంటిలోని పెద్దవారి ప్రక్కన కూర్చుండి పైకి చదువవలెను. తెలియని మాటను నిఘంటువులో చూచుటకు ముందు వారిని అడుగవలెను. చలనచిత్రము చూచినాము గదాయని పుస్తకమును వదలరాదు; చిత్రములో పుస్తకమున లేని ప్రేమకథ చేరినది.

శనివారపు చదువు ఇకముందును సాగును. తరువాతి నవలకు కూడ అవ్వ వచ్చెదనన్నది. ఇంకను ఇద్దఱు ముగ్గురు పెద్దలు వచ్చినచో మేలు. చదువు రాదని సంకోచింపవలదు. చదివి వినిపించు పని మాది. ఎఱ్ఱ సిరా బుడ్డి మాత్రము ఇంటివద్దనే ఉంచి వచ్చెదము. మా అభిప్రాయములతో ఏకీభవింపనివారు తమ అభిప్రాయములను వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. ఏ తెలుగులో వ్రాసినను సరే, దిద్దకుండ చదివెదము.