మూడు పుస్తకములు

ఉస్మాన్‌గంజ్ టోకు బజారులో సరకు కొనువారు సంచిపై వ్రాత చూచి తృప్తినొందరు. పిడికెడు గింజలు చేతిలోనికి తీసికొని పరీక్షింతురు. గ్రంథములను గూడ పీఠికలలోని ప్రశంసలనుబట్టి గాక, లోపలి జీవితమునుబట్టి యెంచవలెను. ఇటీవల చదివిన మూడు పుస్తకముల నిట్లే పరీక్షించితిమి.

సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) రాజుల యుద్ధములను ప్రక్కనుంచి, కావ్యములనుండి జనుల తిండి, బట్ట, ఆటపాటలను వెలికితీసినది. 1955లో సాహిత్య అకాడమీ బహుమానము దీనికి లభించుట సముచితమే. కాని ఆ కావ్యకర్తలలో పురుషులే మెండు. కావున ఇల్లాలి వంట మనకు తెలియును గాని ఆమె మనసు తెలియదు.

వట్టికోట ఆళ్వారుస్వామిగారి నవల ‘ప్రజల మనిషి’లో తెలంగాణపు పల్లె, దొరల దౌర్జన్యము, వెట్టిచాకిరి కన్నులకు కట్టినట్లున్నవి. అచ్చటచ్చట సంభాషణ ఉపన్యాసముగా మాఱినను, కథ బూటకముగా తోపదు.

నెల్లూరి కేశవస్వామిగారి ‘చార్మినార్’ కథలు హైదరాబాదు ముస్లిం కుటుంబముల లోగిళ్లలోనికి మనలను గొనిపోవును. పొరుగువారి నెఱుగకయే వారిపై తీర్పు చెప్పు దురలవాటు మన యిండ్లలో నేటికిని పోలేదు. కావున గృహిణులు ముందు దేనిని కొనవలెనని యడిగినచో, ఈ కథలనే చెప్పుదుము.