ఆకు పేరు కంటే ముందు

“అక్కా, ఆవిర్లకు ఏం కషాయం తాగుతున్నవ్?” నాగారంలో నా ఈడు ఆడవాళ్ళు కూరగాయల బండి దగ్గర గొంతు తగ్గించి అడిగే మాట ఇది. నేను వెంటనే ఆకు పేరు చెప్పను. “నీకు ఎన్నేండ్లు? ముట్టు దానంతటదే ఆగిందా, ఆపరేషన్ అయ్యిందా?” అని అడుగుతాను. ఇంత ఆరా ఎందుకని కొందరు నొచ్చుకుంటారు. అయినా అడుగుతాను.

యాభై దగ్గరపడ్డాక నాకూ మొదలయ్యాయి ఆవిర్లు. ఛాతీలో పుట్టిన వేడి మెడ మీదుగా ముఖానికి పాకుతుంది, చెమట కారుతుంది, ఆ వెంటనే వణుకు. ఒంటి వేడిని అదుపులో ఉంచే కేంద్రం మెదడులోని హైపోథాలమస్‌లో ఉంది. ముట్టు ఆగే ఈడులో ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గేకొద్దీ దానికి ఓర్పు తగ్గుతుంది. ఒంట్లో వేడి కొంచెం పెరిగినా చాలు, రక్తనాళాలు తెరిచి చెమట పట్టిస్తుంది. అందుకే పొగలు కక్కే చాయ్ కొందరికి ఆవిరిని రేపుతుంది. అదే వేడితో తాగితే మూలికల టీ అయినా అంతే.

మన పాతవాళ్ళకు చల్లని కషాయం తెలుసు. ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహిత చెప్పే కషాయాల్లో స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని అయిదు రకాలు. మనం ఇంట్లో కాచేది క్వాథం. మరిగే నీళ్ళు పోసి మూతపెట్టి వడకట్టేది ఫాంటం, ఇప్పటి హెర్బల్ టీ అదే. హిమానికి పొయ్యితో పనిలేదు. ఒక వంతు ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, ఆరు వంతుల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున చేత్తో పిసికి వడకట్టాలి. షుగర్ లేనివాళ్ళు కాస్త పటికబెల్లం కలుపుకోవచ్చు. లోపలి మంటకూ దప్పికకూ దీన్ని ఆ గ్రంథం చెప్పింది. నేను మట్టి ముంతలో నానబెడతాను. సాయంత్రానికి సోంపు లేదా నిమ్మగడ్డి ఫాంటం చేసి, పూర్తిగా చల్లారాకే తాగుతాను. ఒకసారికి ఒకటే దినుసు. నాలుగు కలిపితే ఏది పడిందో, ఏది పడలేదో తెలియదు.

మరి ఆవిర్లు తగ్గుతాయా? తగ్గినట్టు అనిపిస్తుంది, ఆ అనిపించడంలోనే చిక్కుంది. అవిసె గింజల మీద అమెరికాలో 188 మంది ఆడవాళ్ళతో చేసిన పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. సగం మందికి అవిసె కలిపిన బార్లు, మిగతా సగానికి అవిసె లేని బార్లు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ మూడోవంతుకు పైగా మందికి ఆవిర్ల బాధ సగానికి తగ్గింది! 2023లో అమెరికా మెనోపాజ్ సొసైటీ ఆవిర్లకు మూలికలను సిఫారసు చెయ్యలేమని తేల్చింది. అయినా నేను హిమం, ఫాంటం మానలేదు. నాకు వాటివల్ల దక్కిన లాభం వేరే: ఫాంటం మొదలుపెట్టి సాయంత్రం చాయ్ మానేశాక నిద్ర కుదుటపడింది. అంతకుమించిన మహిమ వాటికి అంటగట్టను. అతిమధురం మాత్రం రోజూ తాగమని ఎవరికీ చెప్పను. అది బీపీని పెంచి, ఒంట్లో పొటాషియాన్ని తగ్గిస్తుంది.

ఇక వయసు, ఆపరేషన్ గురించి నేను అడిగే రెండు ప్రశ్నల సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మెనోపాజ్ వయసు ఇంకా రానివాళ్ళే వీళ్ళలో చాలామంది. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసేస్తే, ఏళ్ళ మీద మెల్లగా రావలసిన మార్పు ఒక్కరోజులో వచ్చి పడుతుంది. ఆవిర్లు బయటికి కనిపించే బాధ. లోపల ఎముకలు పలచబడతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది. నలభై లోపే ఇలా జరిగినవాళ్ళకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్లు ఇవ్వడం మంచిదని డాక్టర్లు అంటారు. హార్మోన్లంటే భయం ఎక్కువగా పాకింది 2002లో మధ్యలో ఆపేసిన అమెరికా హార్మోన్ల పరిశోధన తర్వాత. అందులో చేరినవాళ్ళు యాభై నుంచి డెబ్భై తొమ్మిదేళ్ళ వాళ్ళు. వాళ్ళ లెక్కను ముప్పై అయిదేళ్ళ పిల్లకు వర్తింపజేయడం సరికాదు.

యాభై దాటిన వదినకు హిమం చేసే తీరు సంతోషంగా చెబుతాను. ముట్టు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనబడిందంటే మాత్రం హిమం పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి పొమ్మంటాను. చిన్న వయసులో ఆపరేషన్ అయిన చెల్లె అడిగితే మొదట బీరువాలో డిశ్చార్జి కాగితం వెతకమంటాను. అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది అందులో రాసి ఉంటుంది. కాగితం దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలోనే అడగాలి. ఆ వివరంతో గైనకాలజిస్టును కలిసి వచ్చాక ధనియాల కొలత అడిగితే, అప్పుడు చెబుతాను.